ముద్దుపళని జీవితము - రాధికాసాంత్వన ప్రచురణ చరిత్ర

1565లో రాక్షసి తంగడి యుద్ధముతో విజయనగర వైభవము చెదరిన తరువాత తెలుగు సరస్వతి దక్షిణమునకు తరలి తల దాచుకొన్నదని చెప్పుట పరిపాటి. తంజావూరి విషయమున ఈ మాట చాలదు. అచ్చట ఆమె తల దాచుకొనలేదు, కాపురమే పెట్టినది. కావేరీ తీరమున, అరవము మాటాడు ప్రజల నడుమ, మొదట తెలుగు నాయకరాజులును, పిదప మహారాష్ట్ర ప్రభువులును రెండు వందల యేండ్లకు పైగా తెలుగు కవిత్వమును, గానమును, నాట్యమును పోషించిరి. ఆ దీర్ఘకాలమున పుట్టిన కవులలో స్త్రీలకు గల స్థానము తక్కిన తెలుగునాట ఏ కాలమునందును కానరాదు. ఆ కవయిత్రుల వరుసలో కడపటి గొప్ప పేరు ముద్దుపళనిది.

ముద్దుపళనిని గూర్చి తెలిసికొనగోరు వారికి ఒక చిక్కు ఎదురగును. ఆమె చరిత్రకు ముఖ్యాధారము ఆమె కావ్యమైన రాధికాసాంత్వనపు అవతారికయే. ఆ అవతారికయే, కావ్యము మొదట అచ్చుపడినప్పుడు, గ్రంథమునుండి తొలగిపోయినది. పద్యములు కొన్ని మిగిలినవి. పద్యములు చెప్పిన మనిషి తన్నుగూర్చి చెప్పుకొన్న మాటలు పోయినవి. కనుక ముద్దుపళని జీవితమును చెప్పవలెనన్నచో ఆమె బ్రతికిన కాలముతో ఆపుటకు వీలులేదు. ఆమె గ్రంథము తాటాకులనుండి అచ్చుకు, అచ్చునుండి నిషేధమునకు, నిషేధమునుండి విడుదలకు నడచిన మార్గమును కూడ చెప్పవలసియున్నది. ఆమె కావ్యమునకు మేలు చేసినవారును కీడు చేసినవారును ఆమె చరిత్రలోని పాత్రలే.

తంజావూరి నేల

తంజావూరు నాయకరాజ్యము 1532 ప్రాంతమున ఆరంభమై 1673 వరకు సాగినది. ఆ వంశమున రఘునాథనాయకుడు (1600-1634) స్వయముగా కవి, సంగీతజ్ఞుడు. విజయవిలాసకర్త చేమకూర వేంకటకవి ఆయన ఆస్థానమువాడు. సంస్కృతమున కావ్యములు రచించిన రామభద్రాంబ, మధురవాణి ఆ కొలువునకే వన్నె తెచ్చిరి. రఘునాథుని కుమారుడు విజయరాఘవనాయకుని కాలమున (1634-1673) రంగాజమ్మ మన్నారుదాసవిలాసమును, ఉషాపరిణయమును తెలుగున రచించెను. క్షేత్రయ్య తన పదములతో ఆ సభను మెప్పించినది కూడ ఆ కాలముననే. నాయికయే మాటాడుట, నాయిక మనస్సే కవితావస్తువగుట అనునవి క్షేత్రయ్య పదములలో ఎంతటి నేర్పును పొందినవో తెలుగువారికి చెప్పనక్కరలేదు.

1673లో నాయకరాజ్యము అంతరించినది. కొలది యేండ్లకే శివాజీ సవతి తమ్ముడైన ఏకోజీ తంజావూరును వశపరచుకొనెను. ఏలిక మారినను కొలువుభాష మారలేదు. ఏకోజీ కుమారుడు శాహజీ (1684-1712) మరాఠీ మాతృభాషగా గలవాడయ్యును తెలుగున పల్లకిసేవాప్రబంధము మొదలైన కృతులు రచించెను. ఒక మహారాష్ట్ర ప్రభువు, అరవదేశమున కూర్చుండి, తెలుగున యక్షగానములు వ్రాయుట నేడు వింతగా తోచవచ్చును. ఆనాటివారికి అది వింత కాదు. తెలుగు ఆ మండలమున ఒక జాతికి మాత్రమే చెందిన భాషగాక సంగీతనాట్యములకు సహజభాషయై యుండెను. పదమన్నను వర్ణమన్నను అది తెలుగుననే యుండవలెననునంతగా ఆ అలవాటు స్థిరపడినది. ఈ నేలనే తరువాతి తరమున త్యాగయ్య (1767-1847) కీర్తనలు పాడెను.

ఆ కాలమున దేవదాసీ కుటుంబములలోని స్త్రీలకు తెలుగు వృత్తివిద్య. పదమునకు అభినయము పట్టవలెనన్నచో పదము అర్థము కావలెను. అర్థము కావలెనన్నచో భాష రావలెను. సభలో పండితుల ముందు నిలువవలెనన్నచో అలంకారశాస్త్రమైనను కొంత తెలియవలెను. గృహిణులకు అక్షరాభ్యాసమే అరుదైన దినములలో ఈ కుటుంబములలోని ఆడపిల్లలు సంస్కృతాంధ్రములు, గానము, నాట్యము క్రమముగా అభ్యసించుచుండిరి. ఆస్తి వారి చేతిలో నుండెడిది. దానమిచ్చుటకు వారికి స్వాతంత్ర్యముండెడిది. అయితే ఈ స్వాతంత్ర్యము రాజాదరణమను ఒంటి స్తంభముపై నిలిచినది. ఆ స్తంభము కూలిన దినమున వారి విద్య ఏమైనదో, దానికి లోకము ఏ పేరు పెట్టినదో ముందు చూడనగును.

వంశము, విద్య, సంస్కారము

ముద్దుపళని ప్రతాపసింహ మహారాజు (1739-1763) ఆస్థానమునకు చెందిన కవయిత్రి. ఆమె పేరులోనే ఆమె పుట్టిన నేల కనబడుచున్నది. పళని అరవదేశమున సుబ్రహ్మణ్యస్వామి వెలసిన కొండ. ఆ క్షేత్రనామమునకు ముందు ముద్దు అను మాట చేరి పిలుచుటకు ఇంపైన పేరైనది. తండ్రి ముత్యాలు. పితామహి తంజనాయకి సంగీతసాహిత్యములయందు పేరు పొందిన విదుషి. ముద్దుపళని తన అవతారికలో వంశమును చెప్పుకొనునప్పుడు ఈ పితామహిని, మేనత్తను విదుషీమణులుగా స్మరించెను. ప్రబంధములలో కవివంశ వర్ణనము క్రొత్త కాదు. తాతలను, తండ్రులను, వారి యజ్ఞయాగాదులను పద్యములలో కీర్తించుట సంప్రదాయము. ముద్దుపళని ఆ సంప్రదాయమును విడువలేదు. దానిని స్త్రీల వరుసవైపు త్రిప్పినది. తన విద్య తనకు ఇంటి ఆడవారినుండి వచ్చిన సొత్తని ఇంత స్పష్టముగా చెప్పుకొన్న తెలుగు కవులు అరుదు.

ఆమెకు గురువు వీరరాఘవదేశికుడు. ఆయన వైష్ణవాచార్యుడు, వైష్ణవము ఆమె రచనలో రెండు విధముల కనబడును. ఒకటి, కావ్యమును నరునకు గాక శ్రీకృష్ణునకు అంకితము చేయుట. రెండవది, ఆండాళ్ తమిళమున పాడిన తిరుప్పావైని తెలుగున సప్తపదములుగా మలచుట. ఈ రెండవది సామాన్యమైన పని కాదు. శ్రీకృష్ణుని కోరి మేల్కొలుపులు పాడిన ఒక స్త్రీ పలుకును, వేయేండ్లకు చేరువైన కాలము గడచిన తరువాత, మరియొక స్త్రీ మరియొక భాషలోనికి తెచ్చుకొన్నది. తమిళమునుండి తీసికొన్నది ఆండాళ్ భక్తి. తెలుగునుండి తీసికొన్నది ప్రబంధనిర్మాణము, క్షేత్రయ్య పదములలోని నాయికా హృదయము. సంస్కృతమునుండి తీసికొన్నది జయదేవుని వలన దేశమంతట ప్రచారము పొందిన రాధాకృష్ణ కథాసంప్రదాయము. ఈ మూడును ఆమె ఎచ్చటికో వెళ్లి సంపాదించిన విద్యలు కావు. తంజావూరి వీధులలో, కోవెలలో, కొలువులో ఇవి కలసియే వినబడుచుండెను. రాధికాసాంత్వనము ఆ కూడలిలో పుట్టిన కావ్యము.

అవతారికలో ఆమె తన్ను తాను వర్ణించుకొనిన తీరు గమనింపదగినది. తన రూపమును, తన విద్యను, తన దాతృత్వమును ఆమె దాచుకొనలేదు. పండితులను ధనకనకములతో సత్కరించిన స్త్రీ తనవంటిది వేరెవరని, కృతులు అంకితము పొందిన స్త్రీ తనవంటిది వేరెవరని ప్రశ్నించినది. పురుషులైన కవులు ఇట్టి మాట చెప్పుకొన్నప్పుడు పాఠకులు ప్రౌఢి యందురు. శ్రీనాథుని ఆత్మప్రశంసకు తెలుగువారు మురియుచునే యున్నారు. స్త్రీ చెప్పుకొన్నప్పుడు దానికి అహంకారమని పేరు పెట్టుట న్యాయము కాదు. పైగా ఆమె మాటలో ఒక చారిత్రక విషయమున్నది. కృతిభర్తయగుట రాజులకును ధనికులకును చెల్లిన గౌరవము. అది ఒక స్త్రీకి దక్కినదనగా తంజావూరి విద్వత్సభ ఆమెను కవిగానే గాక పోషకురాలిగా కూడ అంగీకరించినదని అర్థము.

కావ్యవస్తువు, గుణదోషములు

రాధికాసాంత్వనము నాలుగు ఆశ్వాసముల శృంగారప్రబంధము. అందు 584 పద్యములు కలవు. కథ చిన్నది. రాధ తాను చిన్ననాటినుండి పెంచిన ఇళ అను కన్యను తన చేతులమీదుగా శ్రీకృష్ణునకిచ్చి పెండ్లి చేయును. క్రొత్త పెండ్లికూతురు ఎట్లు మెలగవలెనో ఇళకు చెప్పును. లేత వయసు పిల్లను బెదరింపక ఎట్లు లాలింపవలెనో కృష్ణునకు చెప్పును. శోభనపు గది తలుపు మూసినంతనే ఆ పెద్దరికము కరగిపోవును. కృష్ణుడు తన్ను ప్రేమించినవాడు. తానే అతనిని మరియొకతెకు అప్పగించినది. దినములు గడచుకొలదియు ఆ విరహము దుర్భరమగును. చిలుకను రాయబారము పంపును. కృష్ణుని నిందించును, ఇళపై కసరును, తన్ను తాను తిట్టుకొనును. కడకు కృష్ణుడు వచ్చి, ఆమె కోపమును భరించి, బుజ్జగించి, కౌగిలితో ఊరడించును. సాంత్వనమనగా ఊరడింపు, కావ్యమునకు పేరు అందువలన వచ్చినది.

అలిగిన నాయికను కృష్ణుడు బ్రతిమాలుట తెలుగువారికి క్రొత్త ఘట్టము కాదు. నంది తిమ్మన పారిజాతాపహరణమున సత్యభామ అలక ఇంటింట తెలిసినదే. కాని సత్య కోపమునకును రాధ కోపమునకును పెద్ద తేడా కలదు. సత్యకు జరిగిన అవమానము బయటినుండి వచ్చినది. నారదుడు తెచ్చిన పూవు రుక్మిణికి చేరినది. ఆమె నిందింపవలసినవారు ఎదుట నున్నారు. రాధకు వచ్చిన కష్టము తన చేతి చేతయే. పెంచినది తానే, పెండ్లి చేసినది తానే, ఉపదేశించినది తానే. ఇళను ద్వేషింపనీయక ఆమె తల్లిమనస్సు అడ్డుపడును. సహింపనీయక ఆమె ప్రేయసీమనస్సు అడ్డుపడును. ఒకే స్త్రీలో ఈ రెండు మనస్సులను ఎదురెదురుగా నిలుపుట ముద్దుపళని కల్పనలోని సారము. ప్రబంధనాయికలలో ఇంత సంకటము పడిన పాత్రలు కొలదిమందియే.

రెండవ విశేషము నాయిక వయస్సు. మన ప్రబంధములలో నాయిక యౌవనోదయమున నుండును. కవి ఆమెను నఖశిఖపర్యంతము వర్ణించును. ఆమె వలపు మదనతాపముతో మొదలై వివాహముతో ముగియును. రాధికాసాంత్వనమున ఆ చోట నిలిచినది ఇళ. ఇళ వయసు వచ్చుట, పెండ్లి, శోభనము అన్నియు ఉన్నవి. అయితే కావ్యదృష్టి ఆమెపై నిలువక, పక్కన నిలిచి చూచుచున్న పెద్ద స్త్రీపై నిలిచినది. ప్రౌఢయైన స్త్రీకి కూడ కోరిక యుండునని, ఆమె దానిని నోరు తెరచి చెప్పునని, చెప్పినందున ఆమె గౌరవము తగ్గదని ముద్దుపళని భావించినది. కృష్ణుని నోట సైతము రాధ చొరవ ప్రశంసింపబడినది. కోరునది పురుషుడు, కోరబడునది స్త్రీ అను పాత వాడుక ఈ కావ్యమున తారుమారైనది. తరువాతి విమర్శకులలో అనేకులకు సహింపరానిదైనది వర్ణనలకంటె ఈ తారుమారే యనవచ్చును.

దోషములు లేవనుట పక్షపాతమగును. దక్షిణాంధ్ర ప్రబంధములకు సామాన్యమైన అతివిస్తరము ఈ కావ్యమునందును కలదు. శృంగారవర్ణనములు కొన్నియెడల కథను నిలిపివేయును. ఒక భావము తీరిన తరువాత కూడ దానినే మరల త్రిప్పి చెప్పు లక్షణము కనబడును. ఇళ పాత్ర రాధ పాత్రవలె నిండుగా రూపొందలేదు. పెండ్లికూతురుగా వచ్చి పెండ్లికూతురుగనే మిగిలిపోయినది. కృష్ణుని దాక్షిణ్యమునకు కూడ లోతు తక్కువ. కాని రాధ మాటాడుచున్నంత సేపు పద్యమునకు ప్రాణముండును. ఆ మాటలలో పుస్తకభాష పలుచనై, ఇంటిలో అలిగిన స్త్రీ పలుకుబడి వినవచ్చును. ఎత్తిపొడుపు, నిష్ఠూరము, అంతలోనే వేడికోలు ఒకదానివెంట ఒకటి వచ్చును. క్షేత్రయ్య పదములను చిన్ననాటినుండి పాడి అభినయించిన వాతావరణము లేనిదే ఈ సంభాషణశక్తి అలవడుట కష్టము. కావ్యపు బలము ఆమె వృత్తివిద్యనుండి వచ్చినదే.

తాటాకునుండి అచ్చునకు

అచ్చుయంత్రము లేని కాలమున గ్రంథము లోకమునకు వచ్చుటయనగా సభలో వినిపించుట, అంకితము చేయుట, ప్రతులు వ్రాయించుట. ఈ మూడును ముద్దుపళని కాలముననే జరుగుటకు తంజావూరి ఆస్థానము అవకాశమిచ్చినది. కాని 1855లో తంజావూరు రాజ్యము ఇంగ్లీషువారి పాలనలో పూర్తిగా కలసిపోయినది. రాజాదరణము ముగిసినది. తాటాకు ప్రతులు పండితుల ఇండ్లకును గ్రంథాలయములకును పరిమితమైనవి. అప్పుడు కావ్యములకు క్రొత్త పోషకుడుగా వచ్చినది చెన్నపట్టణపు ముద్రాక్షరశాల.

రాధికాసాంత్వనమును మొదట అచ్చువేయించినవారు పైడిపాటి వేంకటనరసుగారు. ఆయన బ్రౌన్ దొరతో కలసి పనిచేసిన పండితుడు. ఆయన ప్రచురణము 1887లో వెలువడి 1907లో మరల అచ్చుపడినది. ఆ ప్రచురణమున అవతారికయు, మరికొన్ని పద్యములును లేవు. ఫలితము మాత్రము స్పష్టము. తంజనాయకి పోయినది, మేనత్త పోయినది, పండితులను సత్కరించిన పోషకురాలు పోయినది. మిగిలినది శృంగారపద్యముల కట్ట, దానిపై ఒక స్త్రీ పేరు. వంశమును, విద్యను, ఆత్మగౌరవమును తీసివేసి శృంగారమును మాత్రము మిగిల్చిన గ్రంథమును చదివినవారికి ఆ కవయిత్రి ఎట్లు కనబడునో ఊహింపవచ్చును.

ఇట్టి సమయమున ఈ చరిత్రలోనికి బెంగుళూరు నాగరత్నమ్మ ప్రవేశించెను. ఆమె 1878లో మైసూరు రాజ్యపు నంజనగూడున పుట్టినది. తల్లి పుట్టలక్ష్మి. బాల్యముననే కష్టములు చూచి, మైసూరు బెంగుళూరులలో సంస్కృతమును సంగీతమును అభ్యసించి, చెన్నపట్టణమున గాయనిగా పేరును ధనమును ఆర్జించినది. కన్నడదేశమున పుట్టిన ఈ విదుషికి తెలుగుపై కలిగిన మమకారము సంగీతము మూలమున వచ్చినది. తంజావూరి సాహిత్యమును గూర్చిన ఒక రచనలో ముద్దుపళని ప్రశంస చూచి, రాధికాసాంత్వనము కొరకు వెదకి, కష్టముమీద ఒక అచ్చుప్రతిని సంపాదించెను. తరువాత పూర్ణమైన ప్రతి లభించి, రెండింటిని పోల్చి చూచినప్పుడు అచ్చులోని లోపములు ఆమెకు తెలిసినవి. లుప్తమైన భాగములను చేర్చి, అవతారికను పునరుద్ధరించి, తన పీఠికతో ఆమె సిద్ధపరచిన ప్రతిని 1910లో వావిళ్ల రామస్వామిశాస్త్రులు అండ్ సన్స్ వారు ప్రకటించిరి.

నాగరత్నమ్మ పీఠికలో రెండు అభిమానములు కనబడును. ఒకటి కావ్యరసము నెరిగిన పాఠకురాలి అభిమానము. రెండవది, ఇది స్త్రీ రచన, అందును తన కులమున పుట్టిన స్త్రీ రచన అను అభిమానము. నూటయేబది యేండ్లకు పూర్వము ముద్దుపళని తన పితామహిని తలచుకొన్నట్లే, నాగరత్నమ్మ ముద్దుపళనిని తలచుకొన్నది. పరిష్కర్తగా ఆమె చేసిన పనిలో పాఠనిర్ణయము ఎంత ఉన్నదో, తెగిన వంశసూత్రమును ముడివేయుట కూడ అంతే యున్నది.

ఆక్షేపణ, నిషేధము, విడుదల

కందుకూరి వీరేశలింగం పంతులుగారు ఆంధ్రకవుల చరిత్రమున ముద్దుపళనిని పేర్కొనిరి. ఆమె పాండిత్యమును, కవిత్వమునందలి మార్దవమును వారు కాదనలేదు. అయితే కావ్యమందలి శృంగారము స్త్రీలు వినుటకును పలుకుటకును తగనిదని గర్హించిరి. కవయిత్రి కులవృత్తిని కూడ ఆక్షేపణకు కారణము చేసిరి. పంతులుగారిని ఇందులకై తేలికగా తూలనాడుట తగదు. 1874లో ధవళేశ్వరమున బాలికాపాఠశాల స్థాపించినవారు, 1881లో తొలి వితంతువివాహము జరిపించినవారు స్త్రీల మేలు కోరలేదని ఎవ్వరును అనజాలరు. కాని ఆనాటి సంఘసంస్కర్తల మనస్సులో విద్యావతియైన స్త్రీ యనగా గృహిణియైన స్త్రీయే. ఆ క్రొత్త ఆదర్శమునకు చోటు చేయుటలో పాత విదుషి వంశము గడప బయట నిలువవలసి వచ్చినది. స్త్రీవిద్యకు పాటుపడిన మహనీయుని చేతనే ఒక విద్యావతి తీసివేతకు గురియగుట ఆ యుగపు విషాదము.

నాగరత్నమ్మ దీనికి ఊరకుండలేదు. సిగ్గు స్త్రీలకు మాత్రమే సహజమా, పురుషులకు అక్కరలేదా అని ఆమె వాదము. శృంగారము తగదన్నచో పురుషులు రచించిన ప్రబంధములకు కూడ ఆ న్యాయమే వర్తింపవలెను. వైజయంతీవిలాసము వంటి కావ్యములను పంతులుగారే పరిశీలించి ప్రచురణమునకు అంగీకరించిరికదా అని ఆమె ఎత్తిచూపెను. ఈ వాదమునకు సాహిత్యదృష్టితో సమాధానము చెప్పుట కష్టము. విషయము ఒకటియే, వర్ణనలు ఒకటియే, చెప్పిన నోరు మాత్రము వేరు. దోషము విషయమున కాక నోటియందు వెదకబడినది.

సమాధానము సాహిత్యమునుండి రాలేదు. ఒక పత్రిక ఒక వేశ్య వ్రాసిన గ్రంథమును మరియొక వేశ్య పరిష్కరించినదని ఈసడించినది. ప్రభుత్వము ఈ గ్రంథమును అశ్లీలమని నిర్ణయించినది. 1911లో చెన్నపట్టణపు పోలీసులు ప్రతులను స్వాధీనము చేసికొనిరి. మరికొన్ని తెలుగు ప్రబంధములకు కూడ అదే గతి పట్టినది. వావిళ్ల వేంకటేశ్వరశాస్త్రులుగారు పండితుల మద్దతుతో ఈ నిషేధమును ఎదిరించిరి. ప్రాచీన కావ్యములను పోలీసులు తూచుట తగదని వారి వాదము. అయినను ఫలితము చాల కాలము కలుగలేదు. తంజావూరు కొలువులో మహారాజు ఎదుట చెప్పదగిన పద్యము చెన్నపట్టణపు అంగడిలో అమ్మరానిదైనది.

నిషేధము 1947లో తొలగినది. టంగుటూరి ప్రకాశం పంతులుగారి ప్రభుత్వము ఈ గ్రంథములకు విముక్తి ప్రసాదించినది. ఆ యేటనే మదరాసు శాసనసభ దేవదాసీ సమర్పణమును నిషేధించు చట్టమును ఆమోదించినది. ఈ రెండును ఒకే యేట జరుగుట యాదృచ్ఛికమే. అయినను ఆలోచింపదగినది. ఆ వ్యవస్థలోని బానిసత్వము పోవలసినదే. అందు సందేహము లేదు. ఆ వ్యవస్థ నడుమనే స్త్రీలు నిలుపుకొన్న విద్యను కూడ దానితోపాటు నిందించుటయే పొరపాటు. 1947లో తీర్పులు రెండును సరియైనవే. ఒకటి బ్రతికియున్న బాలికలను విడిపించినది, రెండవది చనిపోయిన కవయిత్రిని విడిపించినది.

1952లో వావిళ్లవారు రాధికాసాంత్వనమును మరల అచ్చువేసిరి. ఆ సంవత్సరముననే నాగరత్నమ్మ కన్నుమూసినది. జీవితపు ఉత్తరభాగమున ఆమె తన సంపాదనను తిరువయ్యారున త్యాగరాజస్వామి సమాధిపై ఆలయము నిర్మించుటకు వెచ్చించినది. అచ్చట ప్రతిష్ఠ జరిగినది. ఆరాధనోత్సవములలో స్త్రీలు పాడుటకు అనుమతి లేని రోజులలో, ఆమె స్త్రీలను కూడగట్టి పాడించి, ఆ అడ్డును తొలగించినది. త్యాగయ్యకు గుడి కట్టిన చేతులే ముద్దుపళనికి అవతారికను తిరిగి ఇచ్చినవి. ఈ రెండు పనులను వేరువేరుగా చూచుట లోకమునకు అలవాటు. ఒకటి భక్తి యందురు, మరియొకటి సాహసమందురు. తంజావూరి తెలుగు సంస్కృతిని నిలుపుటకు ఒకే వ్యక్తి పడిన పాటు అనుట సమంజసము.

నేటి స్థితి

తరువాతి కాలమున ముద్దుపళని కీర్తి తెలుగునాటికంటె వెలుపల ఎక్కువగా ప్రాకినది. 1991లో సూసీ తారు, కె. లలిత సంపాదకత్వమున వెలువడిన భారతీయ స్త్రీల రచనల ఇంగ్లీషు సంకలనము ఆమె చరిత్రను దేశదేశములకు తెలిపినది. 2011లో రాధికాసాంత్వనము సంధ్యా మూల్‌చందానీ చేత ఇంగ్లీషున అనువదింపబడి వెలువడినది. ఇది సంతోషింపదగిన విషయము. కాని ఈ క్రొత్త కీర్తిలో కూడ ఒక లోపము కలదు. పూర్వము ఆమెను అశ్లీలరచయిత్రి యని పక్కకు నెట్టిరి; ఇప్పుడు నిషేధింపబడిన రచయిత్రి యని ముందుకు తెచ్చుచున్నారు. రెండు సందర్భములలోను నిషేధమే పెద్దదై పద్యము చిన్నదగుచున్నది. ఆమె రాధను సత్యభామ పక్కన నిలిపి, ఆమె పలుకుబడిని క్షేత్రయ్య పదముల పక్కన నిలిపి, ఆమె సప్తపదములను ఆండాళ్ పాశురముల పక్కన నిలిపి చూచుట ఇంకను జరుగవలసిన పని. అట్లు చూచినప్పుడే ఆమెకు కవిగా న్యాయము చేకూరును.

ఈ పనికి ఆంధ్రదేశమునకు వెలుపల స్థిరపడిన తెలుగువారు ప్రత్యేకముగా అర్హులు. తిరుప్పావైని తమిళమున విని, కీర్తనలను తెలుగున పాడి, ఇరుగుపొరుగుతో మరియొక భాష మాటాడుట వారికి నిత్యకృత్యము. ముద్దుపళని బ్రతుకు కూడ అట్టిదే. ఆమె కావ్యము కావేరీ తీరమున పుట్టినది, చెన్నపట్టణమున అచ్చుపడినది, నంజనగూడున పుట్టిన విదుషి చేత పూర్ణమైనది. మొదటినుండి కడవరకు ఈ చరిత్ర ప్రవాసాంధ్రుల చరిత్రయే. తంజావూరి సరస్వతీమహలు వంటి భాండాగారములలోని తెలుగు ప్రతులను చదువగలవారి సంఖ్య దినదినము తగ్గుచున్నది. ఆ లిపిని, ఆ పద్యమును చదువగల యువకులను, యువతులను నలుగురినైనను తయారుచేసినచో, ముద్దుపళని తన పితామహికి చెల్లించిన ఋణమువంటిది ఈ తరమువారు ముద్దుపళనికి చెల్లించినవారగుదురు.